చిట్టికి స్టెరాయిడ్లు మొదలుపెట్టాక

మా కుక్క చిట్టికి వచ్చిన జబ్బు పేరు ఐఎమ్‌హెచ్ఏ (ఇమ్యూన్ మీడియేటెడ్ హీమోలైటిక్ ఎనీమియా). ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన వ్యవస్థ తన సొంత ఎర్ర రక్తకణాల మీదే పడి వాటిని చంపేస్తూ ఉంటుంది, కొత్తవి తయారయ్యే లోపే పాతవి పోతుంటాయి, రక్తం ఇంకిపోతుంది. మనుషుల్లో ఆటోఇమ్యూన్ జబ్బులు అంటాం కదా, అదే కుక్కలకీ వస్తుంది అని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను, కానీ నేను డాక్టర్ని కాదు, డోసులు మాత్రం మీ డాక్టర్ని అడిగే వాడండి.

చిట్టి మన నాటు కుక్కే, చిగుళ్ళు కూడా సగం నలుపే ఉంటాయి, పై కోరపన్ను పక్కన ఒక్కచోట మాత్రం గులాబీ రంగు మచ్చ ఉంటుంది. కుక్కకి రక్తం ఉందో లేదో అలాంటి చోటే చూడాలి. అది పాలిపోయి పసుపు తిరిగింది, పాస్ కాఫీ డికాషన్ రంగులో వచ్చింది, రెండు మెట్లు ఎక్కి కూర్చుండిపోయింది, ఇంక ఆ సాయంత్రమే తీసుకెళ్ళాం.

ఈ జబ్బులో రాత్రీపగలూ మన నోట్లో నానే మాట ఒకటుంది, పీసీవీ. సన్నటి గాజు గొట్టంలో రక్తం తీసి మిషన్లో తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి, మొత్తంలో ఆ ఎరుపు ఎంత శాతం ఉందో అదే పీసీవీ. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి 37 నుంచి 55 దాకా ఉంటుంది, చిట్టికి 14. డాక్టర్ గారు ఆ గొట్టాన్ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని చూపించారు, అడుగున ఇంత ఎరుపు, పైన తేటగా ఉండాల్సిన నీరు చిక్కటి పసుపుపచ్చ. తర్వాత గాజు పలక మీద ఒక చుక్క రక్తంలో సెలైన్ కలిపి అటూ ఇటూ వంచితే కణాలు విడిపోకుండా గింజలు గింజలుగా అతుక్కుని కంటికే కనపడ్డాయి. "చూడమ్మా, దీని కణాలకి దీని ఒళ్ళే గుర్తులు పెట్టేసింది" అన్నారు.

మన వైపు ఈ జబ్బు అనగానే ముందు అనుమానించాల్సింది పిడుదుల్ని. అవి కుడితే వచ్చే ఎర్లీకియా, బెబీజియా లాంటివి రక్తాన్ని పాడుచెయ్యడమే కాకుండా కొన్నిసార్లు ఈ ఆటోఇమ్యూన్ గొడవని కూడా మొదలుపెడతాయి. అప్పుడు అసలు జబ్బుకి మందు పడకుండా ఒట్టి స్టెరాయిడ్లే వేస్తే లాభం ఉండదు. స్లైడ్ మీద క్రిములు కనపడనంత మాత్రాన లేవని కాదంట, అందుకే రక్తంలో క్రిముల జన్యువుల్ని వెతికే పీసీఆర్ టెస్ట్‌కి పంపారు, రిపోర్ట్ వచ్చేదాకా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ కూడా మొదలుపెట్టారు. చిట్టికి నెగెటివ్ వచ్చింది, అంటే కారణం ఏదీ దొరకలేదు. నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది అదే, దేన్ని తిట్టుకోవాలో కూడా తెలీదు.

ఇక స్టెరాయిడ్ల సంగతి. ప్రెడ్నిసొలోన్, మామూలు మెడికల్ షాపులో దొరికే వైసొలోనే. కేజీకి రోజుకి 2 మిల్లీగ్రాముల లెక్కన, చిట్టి 18 కేజీలు కాబట్టి దగ్గర దగ్గరగా పొద్దున 20, సాయంత్రం 15. ఆ మాట ఇంట్లో చెప్పానో లేదో అమ్మ "స్టెరాయిడ్లా? వద్దే తల్లీ, మీ పెదనాన్నకి ఆయాసానికి వాడితే మొహం ఎంత ఉబ్బిందో గుర్తులేదా" అంది. కింద వాచ్‌మన్ బాబాయి అయితే కళ్ళు పచ్చబడ్డాయి కాబట్టి కామెర్లే, మా ఊళ్ళో పసరు పోస్తారు తీసుకెళ్దాం అన్నాడు. ఇద్దరిదీ ప్రేమే, నేను కాదనను. కానీ ఇక్కడ పచ్చదనం లివర్ చెడిపోయి వచ్చింది కాదు, పగిలిన రక్తకణాల్లోంచి వచ్చింది, దానికి పసరు ఏం చేస్తుంది? పీసీవీ 14లో ఉన్న కుక్కకి స్టెరాయిడ్ వల్ల మొహం ఉబ్బుతుందేమో అని ఆలోచించే టైమ్ లేదు. మనవాళ్ళకి ఆ పేరంటే ఉన్న భయం వల్లే, నాలుగు రోజులకి కుక్క లేచి తిరగగానే హమ్మయ్య అని మందు ఆపేస్తారు, నన్నడిగితే మందుకన్నా ప్రమాదం అదే. బయట నుంచి స్టెరాయిడ్ వస్తున్నంతకాలం కిడ్నీల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి కూర్చుంటాయి, ఉన్నట్టుండి ఆపితే అవి వెంటనే లేవవు, కుక్క కుప్పకూలిపోవచ్చు. పైగా జబ్బు తిరగబెడుతుంది.

మాకు మాత్రం మొదటి రోజుల్లో లేచి తిరగడం కాదు, అది ఊపిరి తీసుకోవడమే ఎక్కువ. పీసీవీ ఇంకా దిగితే రక్తం ఎక్కించారు, డాక్టర్ గారికి తెలిసిన ఒక కుటుంబం వాళ్ళ లాబ్రడార్‌ని తీసుకొచ్చారు, వాళ్ళకి మేమెవరో కూడా తెలీదు. కుక్కలకి మొదటిసారి ఎక్కించేటప్పుడు మామూలుగా పెద్ద రియాక్షన్ రాదంట, రెండోసారి నుంచి మ్యాచింగ్ తప్పనిసరి. ఎక్కించిన రక్తాన్ని కూడా ఒళ్ళు తినేయొచ్చు, అది కేవలం మందు పనిచేసేదాకా గడువు కొనుక్కోవడం.

మందు పట్టింది. ఆ తర్వాత మొదలైంది ఆకలి. నేను ఎప్పుడూ చూడని ఆకలి అది. అన్నం పెట్టిన పది నిమిషాలకి మళ్ళీ ఖాళీ గిన్నెని మూతితో తోసుకుంటూ వంటింట్లో నా కాళ్ళ దగ్గరికి తెస్తుంది, గోడకి తగిలిందాకా తోస్తుంది, తర్వాత నా మొహంలోకి చూస్తుంది. ఇంతకుముందు పక్కవాళ్ళ గిన్నె వైపు కూడా చూడని పిల్ల చెత్తబుట్ట లాగడం, ఉల్లిపాయ తొక్కలకి ఎగబడటం (ఉల్లి, వెల్లుల్లి అసలు తగలకూడదు, అవి కూడా ఎర్రకణాల్నే పగలగొడతాయి). దానికి తిండిపోతు అని పేరు పెట్టకండి, తిట్టకండి, అది మందు పెట్టే ఆకలి. అలాగని అడిగినప్పుడల్లా పెడితే బరువు పెరుగుతుంది. మేము ఉన్న తిండినే నాలుగు పూటలు చేశాం, ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్, అన్నం కొంచెం తగ్గించి సొరకాయ, బీన్స్ కలిపి, మధ్యలో కీరా ముక్కలు. మాత్ర ఎప్పుడూ తిండితోనే, ఇడ్లీ ముక్కలో పెట్టి.

నీళ్ళు బకెట్లు తాగుతుంది, తాగినంతా పోస్తుంది. నీళ్ళు మాత్రం ఎప్పుడూ తగ్గించకూడదు. రాత్రి రెండింటికి ఒకసారి మా ఆయన, తెల్లవారుజామున నేను కిందకి తీసుకెళ్ళేవాళ్ళం, అయినా హాల్లో పోసేది, పోసి తనే మూలకి వెళ్ళి తల దించుకుని కూర్చునేది. అది చూసి నాకు ఏడుపొచ్చేది. పాత దుప్పట్లన్నీ తీసి పరిచేశాం. ఏసీ గదిలో కూడా రొప్పుతుంది, పొట్ట కిందకి జారి వెనక కాళ్ళు సన్నబడతాయి, ఇవన్నీ డోసు తగ్గేకొద్దీ తగ్గుతాయి. రిపోర్ట్‌లో ఏఎల్‌పీ అనే లివర్ అంకె బాగా పెరిగినా స్టెరాయిడ్ వల్ల అది మామూలే.

తగ్గనివి కొన్నుంటాయి, అవి కనపడితే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మలం నల్లగా జిగురుగా వస్తే కడుపులో రక్తం పోతున్నట్టు. ఉన్నట్టుండి ఆయాసం వస్తే రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుని ఉండొచ్చు, ఈ జబ్బులో ఎక్కువ కుక్కలు పోయేది దానివల్లే, అందుకే మాకు రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ కూడా ఇచ్చారు. కుంటుతుందనో నొప్పనో ఎవరైనా మెలాక్సికామ్ అనే నొప్పి మందు వేయబోతే స్టెరాయిడ్ మీద ఉందని గట్టిగా చెప్పండి, రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి. టీకాల టైమ్ వస్తే కూడా ముందు అడగండి.

పీసీవీ 30 దాటి రెండు వారాలు నిలబడ్డాకే డోసు పావు వంతు తగ్గించారు. తగ్గించడం, మళ్ళీ రక్తం తీయడం, నిలబడితే ఇంకొంచెం తగ్గించడం, ఇలా మూడు నుంచి ఆరు నెలలు పడుతుందని మొదట్లోనే చెప్పారు. ఇప్పుడు రోజుకి 10లో ఉన్నాం, పోయినసారి పీసీవీ 39. తిరగబెట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి రోజూ పొద్దున ఆ గులాబీ మచ్చ చూసుకుంటున్నా, పిడుదుల మందు నెల తప్పకుండా వేస్తున్నా.

ఒక్కటి అడుగుతాను. మన ఊళ్ళలో కుక్కలకి రక్తం దొరకడం చాలా కష్టం, మద్రాసు వెటర్నరీ కాలేజీలో ఉన్నట్టు బ్లడ్ బ్యాంకులు మనకి చాలాచోట్ల అందుబాటులో లేవు, అప్పటికప్పుడు ఫోన్లు చేసి బతిమాలుకోవడమే. మీ కుక్క 25 కేజీలు దాటి, ఒకటి నుంచి ఎనిమిదేళ్ళ మధ్యలో ఉండి, టీకాలన్నీ వేయించి ఉంటే మీ డాక్టర్ గారి దగ్గర పేరు, ఫోన్ నంబర్ రాయించండి. తీసుకునే ముందు దానికి పిడుదుల జ్వరాల టెస్టులు వాళ్ళే చేస్తారు.