శనివారం నాలుగు గంటలకు, శాఖా గ్రంథాలయంలో

మా బెజవాడలో, మా పేటకు దగ్గరగా ఉన్న శాఖా గ్రంథాలయంలో, మూడేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం నాలుగు గంటలకు పది పన్నెండు మందిమి చేరుతున్నాము. అందరమూ అరవై దాటినవాళ్లమే. మాలో పెద్దాయనకు ఎనభై మూడేళ్లు. వారంలో రాసుకున్నది తెచ్చి పైకి చదవడం, మిగిలినవాళ్లు వినడం, విన్నాక అడగాలనిపించినది అడగడం, ఇదే మా కార్యక్రమం. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పిన నేను, ఉద్యోగ విరమణ తరువాత మొదటి ఏడాది ఇంట్లో ఒంటరిగా రాసి ఆ కాగితాలను బీరువాలో దాచుకున్నాను. ఈ మధ్య వాటిని తీసి చూస్తే మారుతున్న విలువల గురించి, నేటి యువత గురించి చాలా ఉంది గాని, మా బడి వరండా లేదు, నల్లబల్ల లేదు, నా దగ్గర చదువుకున్న ఒక్క పిల్ల మాట కూడా లేదు. అడిగేవాళ్లు లేకపోవడమే అందుకు కారణమని ఇప్పుడు నాకు నమ్మకంగా తెలుసు.

నడిచే రైల్లోనే ఉత్తరాలను ఊళ్లవారీగా వేరుచేసే రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా పనిచేసిన ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చిన కొత్తలో, ఉత్తరాల కాలంలో మనుషుల మధ్య ఎంత ప్రేమ ఉండేదో, అది ఇప్పుడు ఎలా పోయిందో, నాలుగు వారాలు వరుసగా రాసి చదివారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆయన తప్ప మరొకరు రాయలేని మాట కూడా లేదు. అయిదో వారం నేను ఉండబట్టలేక, "అన్నయ్యగారూ, నడిచే బండిలో నిలబడి ఉత్తరాలు ఎలా వేరుచేసేవారండీ? ఆ కుదుపుకు చేతిలోవి జారిపోయేవి కావా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, లేచి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి చూపించారు. ఎడమచేతిలో ఉత్తరాల కట్ట, కుడిచేత్తో ఎదురుగా ఉన్న గూళ్లలోకి ఒక్కొక్కటే వేయడం, ఏ గూడు ఏ ఊరిదో కళ్లతో వెతకకుండానే చెయ్యి అక్కడికి పోవడం, సంచి మూతికి పురికొస బిగించి లక్క కరిగించి ముద్ర వేయడం, బండి స్టేషన్లో ఆగిన ఆ కాస్త వ్యవధిలో వేళ మించిందని అదనంగా లేటు ఫీజు స్టాంపు అంటించిన ఉత్తరంతో ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకొచ్చే మనిషి, ఇవన్నీ ఆ సాయంత్రమే బయటికి వచ్చాయి. మరుసటి శనివారం ఆయన రెండు పేజీలు తెచ్చి చదివారు. ప్రేమ అన్న మాట వాటిలో ఎక్కడా లేదు, విన్న మాకందరికీ మాత్రం అది అందింది.

పెద్దవాళ్లం కలం పట్టగానే సలహాలోకి జారిపోతాము. పెద్దరికం మనకు అంటగట్టిన అలవాటు అది. ఇంట్లో మన మాట వినేవాళ్లు తగ్గేకొద్దీ కాగితం మీద ఆ అలవాటు ముదురుతుంది. అందుకని మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాము. చదివేది రెండు పేజీలు దాటకూడదు. చదవడం అయ్యాక "అద్భుతం", "బాగుంది" అనకూడదు. విన్నదానిలో కళ్లకు కట్టినది ఏమిటో చెప్పి, ఇంకా తెలుసుకోవాలని ఉన్నది ఒక్కటి అడగాలి. అక్షరదోషాల ఊసు ఎత్తకూడదు, ఎందుకంటే నలుగురిలో ఒక్కసారి తప్పు పట్టించుకున్న మనిషి, ముఖ్యంగా అయిదో తరగతితోనే చదువు ఆగిపోయిన ఆడమనిషి, మళ్లీ రాదు. చెవులు సరిగా వినిపించనివారు చదివేవారికి ఎదురుగా కూర్చుంటారు, చప్పుడు చేసే ఫ్యాను ఆపేస్తాము, కాగితం మీద అక్షరాలు పెద్దవిగా ఉండేలా చూసుకుంటాము. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన ఒకరు నోటితో చెబుతుంటే డిగ్రీ చదివే ఒక అమ్మాయి రాసి పెడుతోంది; ఆ అమ్మాయి వేసే ప్రశ్నలు మా అందరి ప్రశ్నలకన్నా బాగుంటాయి, ఎందుకంటే మాకు తెలిసినవేవీ ఆమెకు తెలియవు.

దివిసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకావిడ ఆరు నెలలు ఒక్క ముక్క చదవకుండా, వినడానికే వస్తున్నానని చెబుతూ వచ్చారు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆమె కన్నవారిని పోగొట్టుకున్నారని మాకు తెలుసు కాబట్టి ఎవరమూ కదపలేదు. ఒక శనివారం ఆమె తనంతట తానుగా ఒక చిన్న కాగితం తీసి చదివారు. అల గురించి అందులో ఏమీ లేదు. నీళ్లు తీసిన కొన్ని రోజులకు, ఊరికి దూరంగా, ఎవరిదో పొలంలో, బురదలో కూరుకుపోయిన తమ ఇంటి ఇత్తడి బిందె దొరికిందని, దాని మీద కొట్టించిన పేరును బట్టి ఎవరో గుర్తుపట్టి తెచ్చి ఇచ్చారని మాత్రమే ఉంది. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఆ తరువాత మా ఎనభై మూడేళ్ల పెద్దాయన, "ఎవరి పేరు తల్లీ, మీ అమ్మగారిదేనా?" అని మెల్లగా అడిగారు. "కాదండీ, నాదే. నాకు పెళ్లి కుదరకముందే, అత్తారింటికి పంపడానికని నా పేరు కొట్టించి దాచిందట. అది దొరికేదాకా నాకూ తెలియదు" అన్నారామె. ఆ మాట కాగితం మీద లేదు. అడగకపోతే ఎన్నటికీ కాగితం మీదికి వచ్చేదీ కాదు.

ఈ వయసులో ఇంకేమి రాస్తామని వెనకాడేవాళ్లకు నేను కొండపల్లి కోటేశ్వరమ్మగారిని గుర్తుచేస్తుంటాను. మా పక్కనే ఉన్న పామర్రులో 1918లో పుట్టి, కమ్యూనిస్టు ఉద్యమంలో తిరిగి, అజ్ఞాతవాసం గడిపి, కన్నబిడ్డలిద్దరినీ పోగొట్టుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రనుగా పనిచేసి బతికిన ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో, అంటే ఆమెకు తొంభై దాటాక వచ్చింది. నూరేళ్లు నిండిన తరువాత 2018లో ఆమె కన్నుమూశారు. అంత బరువైన బతుకును ఇంత తేటగా చెప్పడం వయసు వల్లనే సాధ్యమైందని నా అభిప్రాయం.

ఇక పనికి సంబంధించిన సంగతులు. ఫోనులో తెలుగు మాటలను విని అక్షరాలుగా మార్చే సదుపాయం చేతులు వణికేవాళ్లకు నిజంగా వరం, కాని అది పల్లె మాటలను సరిగా పట్టుకోదు. మాలో ఒకరు "గాదె" అంటే "గాథ" అని రాసి పెట్టింది. కాబట్టి రాయించినదాన్ని అదే రోజు చదివి దిద్దుకోవాలి, లేకపోతే ఏమన్నామో మనకే గుర్తుండదు. డీటీపీ కేంద్రాల్లో 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లలో టైపు చేయించుకున్న పాత రచనలు ఉంటే వాటిని ఏ ఫోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి; అలా మార్చనిదే అవి మనవల ఫోనులో తెరుచుకున్నా చదవడానికి రావు. పంపడానికి దినపత్రికల ఆదివారం అనుబంధాలు ఉన్నాయి, 1998 నుంచి వస్తున్న 'ఈమాట' వంటి అంతర్జాల సాహిత్య పత్రికలూ ఉన్నాయి. రచన తిరిగివస్తే బాధ పడవలసిన పని లేదు. సంపాదకులు సూచనలు రాసి పంపితే అది మా శనివారం ప్రశ్న లాంటిదే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. నా కథ ఒకటి అచ్చయిన నెలలోనే ఎవరో ఫోను చేసి, అయిదు వేలు కడితే శాలువా, జ్ఞాపిక, బిరుదు ఇస్తామన్నారు. పింఛను డబ్బుతో జీవిస్తూ, జీవితంలో మొదటిసారి "రచయిత్రి" అని పిలిపించుకున్న మనిషికి ఆ పిలుపు ఎంత తీపిగా వినిపిస్తుందో నాకు తెలుసు, అందుకే అది నాకు అంత కోపం తెప్పించింది. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ, బంధువులకూ సరిపడా కొద్ది ప్రతులు పుస్తకంగా వేయించుకోవచ్చు. పుస్తకాన్ని గుర్తించడానికి దాని మీద వేసే ఐఎస్‌బీఎన్ సంఖ్యను మన దేశంలో ప్రభుత్వ సంస్థే ఉచితంగా ఇస్తుంది. దానికోసమని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వనవసరం లేదు.

చోటు కోసం కూడా ఎవరికీ అద్దె కట్టనవసరం లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాము. నేను వెళ్లి అడిగినప్పుడు గ్రంథాలయాధికారి సంతోషంగా ఒప్పుకున్నారు. సాయంత్రం పాఠకులు రాని మూల గది ఇచ్చి, నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక పూట మా చేత చదివించారు కూడా.

మా సార్టరుగారు ఇప్పుడు బెజవాడ నుంచి వాల్తేరు దాకా ఒక రాత్రి డ్యూటీని స్టేషను తరువాత స్టేషనుగా రాస్తున్నారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, రాజమండ్రి అయ్యాయి. పోయిన శనివారం సామర్లకోటలో సంచులు దింపి ఆపేశారు. తునిలో టీ ఇచ్చే కుర్రవాడు ఒకడు ఉండేవాడని, వాడి గురించి వచ్చే వారం చదువుతానని చెప్పారు.