ఎకరం రేటెంత నాన్నా?

"ఏమ్మా, అమ్మేద్దామనుకుంటున్నారా?" ఫోన్లో నాన్న గొంతు మారిపోయింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో నా పేరున ఉన్న ఎకరం ఇప్పుడెంత పలుకుతుందని అడిగానంతే. ఇక్కడ మేరీల్యాండ్‌లో రాత్రి పదకొండు. వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన రెండేళ్ళ టాక్సు కాగితాలు, చల్లారిపోయిన టీ. పెద్దదాని కాలేజీ సాయం కోసం నింపుతున్న సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారంలో, మీరుండే ఇల్లు కాక ఇంకేం స్థిరాస్తులున్నాయో చెప్పమని ఒక గడి. పొలం ఏ దేశంలో ఉన్నా చెప్పాల్సిందే.

"అమ్మడానికి కాదు నాన్నా, ఫారంలో రాయడానికి."

"మన పొలం సంగతి వాళ్ళకెందుకూ?"

నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. మేం తొంభైల్లో ఎంసెట్ రాసినవాళ్ళం. ర్యాంకొస్తే ఫ్రీ సీటు, రాకపోతే పేమెంట్ సీటు. ఫ్రీ సీటు వచ్చిందని ఊరంతా చెప్పుకుంటాం. అదే చదువు కోసం ఆదాయం సర్టిఫికెట్ కావాల్సొస్తే ఎమ్మార్వో ఆఫీసుకి పొద్దున్నే, ఎవరి కంటా పడకుండా వెళ్ళొస్తాం. నాన్న ఒకసారి అలా వెళ్ళొచ్చారు. ఇంట్లో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అందుకే స్కాలర్‌షిప్ అంటే నా మనసులో మెరిట్ ఒక్కటే. పిల్ల మార్కులకి ఎవరో ఒకరు ఇవ్వకపోతారా అనుకున్నా. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లలో మార్కులకి పైసా ఇవ్వరనీ, అక్కడిచ్చేదంతా ఇంటి పరిస్థితి చూసేననీ తెలిసినప్పుడు, ఇన్నాళ్ళూ పార్టీల్లో విన్న "ఫలానావాళ్ళబ్బాయికి హార్వర్డ్‌లో మెరిట్ స్కాలర్‌షిప్" కబుర్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మా పరిస్థితి ఏమిటంటే, మా ఆయన కాంట్రాక్టు ఉద్యోగం పోయి అప్పటికి ఏడు నెలలు. కానీ ఫెడరల్ ప్రభుత్వ సాయం కోసం నింపే ఫాఫ్సా ఫారం చూసేది రెండేళ్ళ కిందటి టాక్సు లెక్క. అందులో మేం బ్రహ్మాండంగా ఉన్నాం! ఇలాంటప్పుడు కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి విడిగా ఉత్తరం రాసి, ఉద్యోగం పోయిన కాగితం జతచేస్తే వాళ్ళు ఆదాయాన్ని సవరించి చూడొచ్చు. ఆ ఉత్తరం రాయడానికి నాకు పది రోజులు పట్టింది. ఇంగ్లీషు రాక కాదు. "ప్రస్తుతం మాకు ఆదాయం లేదు" అన్న ఒక్క వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయేది. ఆఖరికి అమ్మాయే టైప్ చేసి పంపింది. "లేనిది లేదని చెప్తే తప్పేంటమ్మా?" అంది, అదేదో వాతావరణం సంగతైనట్టు.

ఇంకో తప్పు పిల్ల పుట్టినప్పటి నుంచీ చేస్తూ వచ్చాం. బారసాల, పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్‌లో వచ్చిన చదివింపులన్నీ ముచ్చటపడి దాని పేరునే బ్యాంకులో వేశాం. ఫాఫ్సా లెక్కలో పిల్లల పేరునున్న డబ్బులో ఇరవై శాతం ఆ ఏడు చదువుకి పెట్టగలరని కడతారు. అదే తల్లిదండ్రుల పేరునైతే ఎక్కువలో ఎక్కువ 5.64 శాతమే. పిల్లల చదువుకి దాచుకునే 529 ఖాతాలో వేసుంటే మా లెక్కలోకే వచ్చేది. చిన్నదాని చదివింపులు ఇప్పుడు అందులోనే వేస్తున్నాం.

మార్చిలో ఒక ప్రైవేటు కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ఏడాదికి ఖర్చు మొత్తం 82,000 డాలర్లు. మెరిట్ 20,000, ఇంటి పరిస్థితి చూసి ఇచ్చే నీడ్ బేస్డ్ గ్రాంటు 24,000, ఫెడరల్ లోను 3,500, క్యాంపస్‌లో పని చేసుకుంటే 2,500. మొత్తం 50,000. ఆ వారమే ఇక్కడి ఒక స్థానిక ఫౌండేషన్ వాళ్ళు వ్యాసం పోటీలో దానికి 4,000 ఇచ్చారు. ఇంట్లో పాయసం. యాభైకి నాలుగు కలిపితే యాభై నాలుగు కదా!

కాదట. ఏప్రిల్లో సవరించిన ఉత్తరం వచ్చింది. గ్రాంటు 24,000 కాస్తా 20,000 అయింది. మొత్తం మళ్ళీ యాభై వేలే. పిల్ల నెలరోజులు కూర్చుని రాసిన వ్యాసం డబ్బు కాలేజీ ఖాతాలో మిగిలింది. మెరిట్టూ గ్రాంటూ బయటి స్కాలర్‌షిప్పూ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవచ్చనుకున్నాం. కాలేజీ లెక్క వేరు. మా అవసరం ఇంత అని ముందే ఒక గీత గీసుకుంటారు, ఒక పక్క పెరిగితే ఇంకో పక్క కోస్తారు. మా మేరీల్యాండ్ 2017లో దేశంలో అందరికన్నా ముందు దీన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది గానీ, అది ప్రభుత్వ కాలేజీలకే. మాకొచ్చింది ప్రైవేటు.

నేనైతే ఏడ్చి ఊరుకునేదాన్ని. అది ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి, నన్ను మాట్లాడొద్దని వేలు చూపించి. తగ్గిస్తే తగ్గించండి, కానీ ముందు లోను తగ్గించండి, తర్వాత పని డబ్బు, గ్రాంటు ఆఖర్న, అని అడిగింది. అలా అడగొచ్చని దానికి స్కూలు కౌన్సెలర్ చెప్పిందట. అవతలావిడ రెండు రోజులు టైం తీసుకుంది. మూడో ఉత్తరంలో గ్రాంటు 24,000 తిరిగొచ్చింది. లోను పూర్తిగా పోయింది, పని డబ్బు 2,000కి తగ్గింది. మొత్తం అదే యాభై వేలు, కానీ మూడున్నర వేల అప్పు లేదు. అడక్కపోతే ఉండేది.

జూన్‌లో తెలుగువాళ్ళ పిక్నిక్‌లో పులిహోర వడ్డిస్తుంటే ఒకావిడ అడిగింది. "అమ్మాయికి స్కాలర్‌షిప్ వచ్చిందటగా, మెరిట్టేనా?" నేను గబుక్కున "ఆఁ, మెరిట్టే" అన్నా. పక్కనే పేపర్ ప్లేట్లు అందిస్తున్న మా పిల్ల "సగం మెరిట్ ఆంటీ, సగం నీడ్ బేస్డ్. డాడీకి జాబ్ లేదుగా" అనేసింది. గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం కారు దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, ఆ ఉత్తరంలో ఏం రాశారో కాస్త చూపిస్తావా అని అడిగింది. వాళ్ళాయనకీ జనవరి నుంచి ఉద్యోగం లేదట.

ఈ ఫారాలు ఏటా నింపాలి. ఈసారి దాని చదువు, దాని ఫారం అని ల్యాప్‌టాప్ దాని ముందుకే తోశా. పొలం గడి దగ్గర ఆగి, నన్నడగకుండా వాట్సాప్‌లో వీడియో కాల్ కలిపింది. అరుగు మీద కూర్చున్న నాన్న కళ్ళజోడు సర్దుకుంటున్నారు.

"తాతయ్యా, ఎకరం రేటెంత?"

"మళ్ళీనా?" అని నవ్వి, లోపలికి తిరిగి అమ్మని కేకేశారు. "ఏమేవ్, ఆ పాస్‌బుక్కు తీసుకురా, మనవరాలు అడుగుతోంది."