యాస్నయ పల్యానా జాబితా, బరంపురం బీరువా

రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ చదివేటప్పుడు నచ్చిన వాక్యం పక్కన గోటితో గీత గీసేవాడు. ఒక్కోసారి పేజీ మూల మడిచేవాడు. యాస్నయ పల్యానాలోని ఆయన ఇంట్లో దాదాపు 22,000 పుస్తకాలు మిగిలాయి, ముప్ఫైకి పైగా భాషల్లో. వాటికి తర్వాతివాళ్లు జాబితా రాసినప్పుడు పేరు, సంవత్సరం రాసి ఊరుకోలేదు. ఏ పేజీలో గోటి గీత ఉంది, ఏ మూల మడత పడి ఉంది అన్నది కూడా ఎక్కించారు. పుస్తకం ఏ గ్రంథాలయంలోనైనా దొరుకుతుంది. ఆ మడత మాత్రం ఆ ఒక్క ప్రతిలోనే ఉంటుంది.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం తెలుగు ఇళ్ల బీరువాల్లో సోవియట్ కాలంలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఇంకా ఉన్నాయి. ఇల్లు మారినప్పుడో, పెద్దాయన పోయినప్పుడో అవి పాతపేపర్లతో కలిసి తూకానికి వెళ్తున్నాయి. రష్యావాళ్లు తమ రచయితల సామాను ఎలా నిలబెట్టుకున్నారో చూస్తే, ఆ పద్ధతిలో సగం మన బీరువాకీ పనికొస్తుంది. దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

యాస్నయ పల్యానా మాస్కోకి దక్షిణంగా 200 కిలోమీటర్ల దూరంలో, తూలా పట్నం పక్కన ఉంది. 1921లో ప్రభుత్వ మ్యూజియం అయింది. టాల్‌స్టాయ్ చిన్న కూతురు అలెగ్జాండ్రా తొలి సంరక్షకురాలు. ఇప్పుడు చూపించే ఇల్లు ఆయన పుట్టిన ఇల్లు కాదు. ఆ పెద్ద భవంతిని 1854లో అమ్మితే, కొన్నవాడు విప్పి పట్టుకుపోయాడు. మిగిలిన పక్క భాగాన్నే పెంచుకుని కాపురం పెట్టారు. ఆయన పుట్టిన తోలు సోఫా మాత్రం ఉంది. ఎడిసన్ 1908లో పంపిన ఫోనోగ్రాఫు, చిత్రకారుడు క్రామ్‌స్కోయ్ 1873లో వేసిన ఆయన బొమ్మ కూడా ఆ ఇంటివే. గాంధీ 1909 అక్టోబరులో లండన్ నుంచి ఆయనకు తొలి ఉత్తరం రాశాడు. ఆ తర్వాత తన మీద డోక్ రాసిన జీవితచరిత్రనూ, 1910లో హింద్ స్వరాజ్‌నూ పంపాడు. అదే ఏడు సెప్టెంబరులో టాల్‌స్టాయ్ రాసిన పొడుగాటి జవాబుతో ఆ ఉత్తరాలు ఆగిపోయాయి. నవంబరులో ఆయన లేడు.

వస్తువులు ఇంట్లో ఉంటే రాతప్రతులు వేరే చోట ఉన్నాయి. ఇది తెలియక చాలామంది తికమకపడతారు. భార్య సోఫియా ఆయన బతికుండగానే కాగితాలను పెట్టెల్లో సర్ది మాస్కోలోని రుమ్యాన్‌త్సెవ్ మ్యూజియంలో దాచింది. 1904లో వాటిని హిస్టారికల్ మ్యూజియానికి మార్చింది. 1939లో ప్రభుత్వ ఆదేశంతో రాతప్రతులన్నీ మాస్కోలోని టాల్‌స్టాయ్ మ్యూజియం కిందికి వచ్చాయి. అక్కడ వాటిని పెట్టే గదిని ఉక్కు గది అంటారు. 1928 నుంచి 1958 దాకా ముప్ఫై ఏళ్లు పట్టిన 90 సంపుటాల సమగ్ర రచనలకు ఆధారం ఆ కాగితాలే.

దస్తయేవ్‌స్కీ విషయంలో జాబితా ముందు పుట్టింది, ఇల్లు తర్వాత వచ్చింది. 1881లో ఆయన పోయాక భార్య అన్నా అచ్చయిన ప్రతులు, వ్యాసాలు, బొమ్మలు, ఉత్తరాలు ఏరి హిస్టారికల్ మ్యూజియంలో పెట్టించింది. వేల పద్దులున్న ఆ జాబితాను 1906లో పుస్తకంగా అచ్చు వేయించింది. ఆయన చివరి రోజులు గడిపిన పీటర్స్‌బర్గ్ ఇల్లు మ్యూజియంగా తెరుచుకున్నది 1971లో. మధ్యలో అది ఎన్నో కుటుంబాలు పంచుకున్న వాటా ఇల్లు. గదుల్ని పాత ప్లాన్లు, బంధువుల జ్ఞాపకాల ఆధారంగా మళ్లీ అమర్చారు. అన్నా జాబితా లేకపోతే ఆ గదులకు ప్రాణం ఉండేది కాదని నా అభిప్రాయం. యాల్టాలో చెహోవ్ ఇంటిని చెల్లెలు మరీయా 1957లో తాను పోయేదాకా కాచింది. భార్య, చెల్లెలు, కూతురు: రష్యన్ సాహిత్య మ్యూజియాల పునాదిలో వీళ్ల చేతిరాతే ఎక్కువ.

మూడో రకం, ఏ ఒక్క రచయితదీ కాని మ్యూజియం. లెనిన్‌కి సన్నిహితుడైన బోంచ్-బ్రుయేవిచ్ 1930ల మొదట్లో మాస్కోలో ప్రభుత్వ సాహిత్య మ్యూజియం నిలబెట్టాడు. కొనిపించి కాగితాలు పోగేశాడు. 1941లో ఆ రాతప్రతులను తీసుకుని కేంద్ర సాహిత్య ఆర్కైవ్ పెట్టారు. దాంతో ఒకే రచయిత బొమ్మ ఒకచోట, ఉత్తరం ఇంకోచోట. ఇవాళ్టికీ పరిశోధకులు రెండు గడపలూ తొక్కాల్సిందే.

1941 అక్టోబరులో జర్మన్ సైన్యం వచ్చేలోపు యాస్నయ పల్యానా వస్తువులు వందకు పైగా పెట్టెల్లో బయల్దేరి చివరికి సైబీరియాలోని తోమ్‌స్క్ చేరాయి. సైన్యం ఆ ఇంట్లో 45 రోజులు ఉండి, పోతూ పోతూ నిప్పు పెట్టింది. అక్కడే ఉండిపోయిన సిబ్బంది ఆర్పారు. 1945లో పెట్టెలు తిరిగొచ్చాక ఏది ఎక్కడ ఉండాలో తేల్చింది పద్దు పుస్తకమే.

ఆ పద్దు పద్ధతి రెండంచెలు. వచ్చిన వస్తువు ముందు రాబడి పుస్తకంలోకి ఎక్కుతుంది. దాని నంబరుకు ముందు కా, పే అనే రెండు రష్యన్ అక్షరాలు ఉంటాయి. ఆ పుస్తకం పేజీలకు నంబర్లు వేసి, దారంతో కుట్టి, ముద్ర వేస్తారు. పేజీ చింపితే తెలిసిపోతుంది. తీరిగ్గా పరిశీలించి రాసే వివరాల పట్టిక రెండో అంచె. మనం చేసే తప్పు ఈ రెంటినీ ఒకేసారి చేయబోవడం. మొదటి పది పుస్తకాలకు పేజీలకు పేజీలు రాసి, పదకొండోదాని దగ్గర నీరసపడిపోతాం. ముందు అన్నిటికీ నంబరు, పేరు, తేదీ, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అనే నాలుగు గడులే నింపండి. గట్టి అట్ట రిజిస్టరు చాలు, విడి కాగితాలు వద్దు. నంబరును టైటిల్ పేజీ వెనక కింది మూలలో 2బి పెన్సిలుతో వేయాలి. బాల్‌పెన్ను సిరా పాకుతుంది, స్టిక్కరు జిగురు మరక కడుతుంది. పోయిన పుస్తకం నంబరు ఇంకోదానికి ఇవ్వకండి. గీత కొట్టి, కారణం రాసి వదిలేయండి.

రెండో అంచెలో సోవియట్ తెలుగు పుస్తకం పెట్టే చిక్కు సంవత్సరం. కొన్నిటిలో తెలుగు పేజీల్లో ఏడాది కనబడదు. అప్పుడు చిట్టచివరి పేజీ చూడాలి. అక్కడ చిన్నచిన్న రష్యన్ అక్షరాల్లో అచ్చు వివరాలుంటాయి. ఫోన్ కెమెరాలోని అనువాద యాప్ వాటిని చదివిపెడుతుంది. రెండు తేదీలుంటాయి. మొదటిది కంపోజింగుకి ఇచ్చిన రోజు, రెండోది అచ్చుకు సంతకం పెట్టిన రోజు. పాతవాటిలో నెల రోమన్ అంకెల్లో ఉంటుంది. రెండో తేదీ డిసెంబరుదైతే, టైటిల్ పేజీ మీద మరుసటి ఏడు ఉండటం తప్పు కాదు. తిరాష్ అనే మాట పక్కనున్న అంకె ఎన్ని ప్రతులు వేశారో చెబుతుంది. అనువాదం ఏ మూలం నుంచి జరిగిందో, పుస్తకం తెలుగు భాషలో ఉందనో చెప్పే వరుస కూడా అక్కడే వెతకాలి.

ఆ పేజీ చిరిగిపోయి ఉంటే ప్రచురణ సంస్థ పేరుతో కాలాన్ని అంచనా కట్టవచ్చు. విదేశీ భాషల ప్రచురణ సంస్థ అని ఉంటే 1964కి ముందుది. ఆ తర్వాత ప్రగతి ప్రచురణాలయం. 1982 నుంచి కథలు, నవలలు, పిల్లల పుస్తకాలు రాదుగ అనే సంస్థకు వెళ్లాయి. సైన్సు పుస్తకాలు మీర్ సంస్థవి. చివరి ఏళ్ల పుస్తకాల మీద ఐ.ఎస్.బి.ఎన్. అనే పుస్తక గుర్తింపు నంబరు ఉంటే, దాని మొదట్లో 5-01 ప్రగతి, 5-03 మీర్, 5-05 రాదుగ.

పేజీలన్నీ ఉన్నాయో లేదో తేల్చే ఉపాయం కూడా చివరి పేజీలోనే ఉంది. 84×108/32 అనే సైజు చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. దాని పక్కన లెక్కకట్టిన అచ్చు షీట్ల సంఖ్య ఇస్తారు. దాన్ని 1.68తో భాగించి 32తో గుణిస్తే పేజీలు వస్తాయి. 16.8 అని ఉంటే 320 పేజీలన్నమాట. 70×108/32 సైజుకు 1.4తో భాగించాలి. విడిగా అచ్చేసి అతికించిన బొమ్మలుంటే లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఇంకో గుర్తు: 16 లేదా 32 పేజీలకోసారి పేజీ అడుగున ఎడమవైపు చిన్న అంకె ఉంటుంది. అది ఆ కట్ట, అంటే కలిపి మడిచి కుట్టిన పేజీల, వరుస సంఖ్య. 3 తర్వాత 5 వస్తే ఒక కట్ట మొత్తం ఊడిపోయింది. బైండింగు దుకాణంలో మళ్లీ కుట్టించిన పుస్తకాల్లో కట్టలు తారుమారవడం కూడా ఇలాగే బయటపడుతుంది.

అనువాదకుడి పేరు పుస్తకం మీద ఎలా ఉంటే అలాగే రాయాలి. బరంపురంలో 1898లో పుట్టి, వృక్షశాస్త్రం చదివి, మాస్కోలో ఏళ్ల తరబడి రష్యన్ సాహిత్యాన్ని తెలుగు చేసిన ఉప్పల లక్ష్మణరావు పేరు ఆ పుస్తకాల్లో వుప్పల అని కనిపిస్తుంది. రిజిస్టరులో వుప్పల అనే రాసి, పక్కన ఉప్పల చూడండి అని ఒక మాట పెట్టాలి. ఊరివాడే కదా అని దిద్దేస్తే రేపు వెతికేవాడికి దొరకడు.

ముద్రలకూ ఇదే నియమం. పర్లాకిమిడి చిరునామాతో 1970ల నాటి పుస్తకం మీద గంజాం జిల్లా అని ఉంటుంది, రాయగడ ముద్రలో కోరాపుట్ జిల్లా. అవి తప్పులు కావు. గజపతి, రాయగడ వేరే జిల్లాలయ్యింది 1992లోనే. కొన్నవారి సంతకం, తేదీ, బహుమతిగా ఇచ్చినవారి రెండు వాక్యాలు, అమ్మిన ధర ముద్ర, లోపల మరిచిపోయిన బస్సు టిక్కెట్టు ఏవీ పారేయొద్దు. టిక్కెట్టును ఏ పేజీల మధ్య దొరికిందో రాసి, తెల్ల కాగితం కవర్లో పెట్టి అదే నంబరు వేయండి. గోటి గీత ఉంటే అదీ ఎక్కించండి.

ఇక మన వాతావరణం. బరంపురానికి సముద్రం పక్కనే. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే అట్టల మీద బూజు లేస్తుంది. చిన్న సిలికా జెల్ పొట్లాలు పడేస్తే సరిపోతుందనుకుంటారు. 20 కిలోల పుస్తకాల కాగితంలోనే కిలోన్నర దాకా నీరు ఉంటుంది. 5 గ్రాముల పొట్లం మహా అయితే గ్రామున్నర పీలుస్తుంది. అంతకంటే బీరువాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరపడం మేలు. అన్నిటికంటే కింది అర నేలకు అరడుగు ఎత్తులో ఉండాలి, పుస్తకాల మధ్య వేలు దూరేంత సందు వదలాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొడి రోజుల్లో తలుపులు తీసి ఉంచాలి. ఎండలో ఆరబెట్టే అలవాటు మానుకోవాలి. సోవియట్ చౌక కాగితం ఎండకు గోధుమరంగు తిరిగి, మడిస్తే విరుగుతుంది.

కలరా ఉండలు పురుగును కొంత తరుముతాయి గానీ ఆ వాసన మనిషి ఒంటికి మంచిది కాదు, కాగితాన్ని వదలదు. పురుగు పట్టిన పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజు సంచి విప్పొద్దు. ముందే విప్పితే చల్లటి అట్ట మీద నీరు పడుతుంది. దీంతో పురుగు, గుడ్లు పోతాయి. బూజు చావదు, నిద్రపోతుంది.

పలచటి పుస్తకాల పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. లోపల మధ్య పేజీలో వంగి ఉన్న వాటి కొసల్ని పలచటి కత్తిమొనతో లేపి తీసి, పాత రంధ్రాలకు మధ్యలో ఇంకొకటి పొడిచి మూడు చేయండి. పుస్తకం ఎత్తుకు రెండున్నర రెట్లు తెల్ల నూలుదారం తీసుకోండి. మధ్య రంధ్రంలో లోపల్నుంచి బయటికి, పైరంధ్రంలోంచి లోపలికి, మధ్యను దాటించి కిందిరంధ్రంలోంచి బయటికి, మళ్లీ మధ్యలోంచి లోపలికి. రెండు కొసలు పొడుగు కుట్టుకు చెరోవైపు ఉండేలా ముడి వేయాలి. చిరుగులకు సెల్లోటేపు వాడొద్దు. కొన్నేళ్లకు టేపు రాలిపోతుంది, పచ్చమరక మిగులుతుంది. గోధుమ గంజిపొడి ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు కలిపి, ఇరవై నిమిషాలు సన్నసెగ మీద కలుపుతూ ఉడికించిన జిగురు చాలు. అవసరమైతే తడిపి విప్పుకోవచ్చు. మైదా లైలో ఉండే బంక పురుగును పిలుస్తుంది. పురుగు రాకుండా పాత బైండర్లు కలిపే మైలుతుత్తంలో రాగి ఉంటుంది, అది కాగితాన్నే కాలుస్తుంది.

2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు వచ్చిన నేల ఇది. తడిసిన పుస్తకానికి గడువు 48 గంటలు, ఆ తర్వాత బూజే. మామూలు కాగితమైతే నిలబెట్టి, పేజీలు విసనకర్రలా విప్పి, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. మెరుపు కాగితం మీద రంగుబొమ్మలున్న పిల్లల పుస్తకాలు అలా ఆరవు. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి రాయిలా గట్టిపడతాయి, ఆపైన ఎవరూ విప్పలేరు. తడిగా ఉండగానే ప్రతి రెండు పేజీల మధ్యా బటర్ పేపరు పెట్టాలి. అంత వ్యవధి లేకపోతే సంచిలో కట్టి ఫ్రీజర్లో పెట్టేసి, కరెంటు నిలకడగా వచ్చాక ఒక్కొక్కటీ తీయాలి. రిజిస్టరును మాత్రం అదే బీరువాలో ఉంచొద్దు. ప్రతి పేజీకీ ఫోటో తీసి వేరే ఊళ్లో ఉన్న ఇద్దరికి పంపి ఉంచండి.