ఎర్ర చుక్క

పదకొండు దాటింది. అమ్మ రెండుసార్లు కేకేసింది, లైటు ఆర్పమని. ఆర్పితే ఆ ఎర్ర చుక్క కళ్ళ ముందు ఇంకా బాగా కనిపిస్తోంది.

మూడు పెట్టెలు. రెండింటి మీద షాక్ ఇండికేటర్ తెల్లగానే ఉంది. ఒకదాని మీద ఎర్రబడింది. 50 జీ రకం స్టిక్కర్, అంటే భూమి ఆకర్షణకి 50 రెట్ల కుదుపు తగిలితే ఎర్రబడేది. పెట్టె పక్క చెక్కకి అంటించారు. లోపల సముద్రపు నీటి పంపు, మోటారుతో కలిపి 1,800 కిలోలు. కంచరపాలెంలో నేవీ స్టోర్ దగ్గర దించుతుంటే చూసి, "తీసుకోం, వెనక్కి పంపండి" అన్నారు. చుక్క కనిపించింది గానీ, దాని పక్కన రాసింది ఎవరూ చదవలేదు. సరుకు తిప్పి పంపొద్దు, రసీదు మీద రాయండి, విప్పి చూడండి అనే ఉంటుంది ఆ స్టిక్కర్ మీద. తిప్పి పంపితే హైదరాబాద్ దాకా ఇంకో 620 కిలోమీటర్లు, ఇంకో రెండుసార్లు ఫోర్క్‌లిఫ్ట్. చివరికి లారీ రసీదు, అంటే ఎల్‌ఆర్ మీద "ఇండికేటర్ ఎరుపు, పెట్టె పైకి బాగుంది" అని రాయించి, ఫొటోలు తీసి దించారు.

అసలు పొద్దున్నించీ చిరాకే. హైదరాబాద్ నుంచి వస్తున్న లారీని దారిలో ఒకచోట జీఎస్టీ తనిఖీ వాళ్ళు నాలుగు గంటలు ఆపేశారు. సరుకు కదిలే ముందే ఆన్‌లైన్లో తీయాల్సిన ఈ-వే బిల్లు ఏదీ అని. రక్షణ శాఖ కింది దళం పంపేదైనా, దళానికి చేరేదైనా ఆ సరుకుకి ఈ-వే బిల్లు అక్కర్లేదు. జీఎస్టీ నిబంధన 138(14)లో స్పష్టంగా ఉంది. ఆ కాగితం డ్రైవర్ ఫైల్లో మొదటి పేజీ. చూపిస్తే చదవరు, ఫోన్ చేస్తే ఎత్తరు. మామూలు సరుకుకైతే 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువు, అంటే వైజాగ్‌కి నాలుగు రోజులు. అదే కొలతలు మించిన సరుకైతే 20 కిలోమీటర్లకే ఒక రోజు. 31 రోజులు! మన పెట్టెలు 2.6 మీటర్ల వెడల్పు లోపలే ఉన్నాయి కాబట్టి ఆ గోల లేదు. కానీ ఎండలో లారీ, లోపల డ్రైవరూ క్లీనరూ, ఇక్కడ క్రేన్ వాడు గంటల లెక్కన బాడుగ. సాయంత్రం దాకా ఈ కోపమే మోశాను.

ఇప్పుడు ఫైలు ముందేసుకుని చూస్తుంటే కోపం ఎటు తిప్పాలో తెలియడం లేదు. ఇన్‌వాయిస్‌లు మూడు. రెండింటిలో చేరాల్సింది నేవీ స్టోర్. మూడోది షిప్‌యార్డు. అందులో పంపు కూడా నేవీదే, నేవీ ఓడకే బిగిస్తారు, కానీ తీసుకునేది కంపెనీ. కంపెనీ దళం కాదు. ఆ ఒక్క పెట్టెకి బిల్లు తీయాల్సిందే. పంపిన వాళ్ళు మూడింటికీ ఒకే మినహాయింపు కాగితం పెట్టేశారు. ఆపినాయనకి అది తెలిసి ఆపాడో, ఊరికే ఆపాడో గానీ, ఆపడం తప్పు కాదు. నాలుగు గంటలు మాత్రం తప్పే. అది నేను ఒప్పుకోను.

డ్రైవర్ని కూడా అన్యాయంగా తిట్టాం. స్పీడ్ బ్రేకర్ ఎగరేశాడు అన్నారు. లారీ బల్ల మీద బిగించిన పెట్టెకి మామూలు రోడ్డు మీద 50 జీ రావడం కష్టం. అది వచ్చేది ఫోర్క్‌లిఫ్ట్ పెట్టెని జానెడు ఎత్తులోంచి కాంక్రీటు మీదకి వదిలేసినప్పుడు. లేదా ఫోర్కు మొన ఆ చెక్కకే తగిలినప్పుడు. ఇండికేటర్‌ని కిందనున్న దుంగకో, పంపు బేస్ ఫ్రేముకో అంటిస్తే పంపుకి ఏం తగిలిందో చెబుతుంది. పక్క చెక్కకి అంటిస్తే చెక్కకి తగిలింది చెబుతుంది, అంతే.

అలాగని డ్రైవర్‌కి పూర్తి మార్కులేం లేవు. బెల్టులు నాలుగే వేశాడు. "ఒక్కోటీ 5 టన్నులు సార్" అంటాడు. 5 టన్నులకి తెగకుండా ఉంటుంది, నిజమే. కానీ బెల్టు బిగించే పిడిని, అదే రాచెట్‌ని, చేత్తో బిగిస్తే కిందకి నొక్కే బలం ఒక వైపు 300 కిలోలు. బ్రేకు వేస్తే పెట్టె తన బరువులో 80 శాతం బలంతో ముందుకి పోతుందని లెక్క వేస్తారు, అంటే 1,440 కిలోలు. చెక్కకీ ఇనుముకీ రాపిడి 0.3 అనుకుంటే పెట్టె బరువే 540 ఆపుతుంది. ఒక్కో బెల్టు రెండు వైపులా కలిపి 600 నొక్కితే, రాపిడి వల్ల ఆపేది 180. మిగతా 900కి, నిటారుగా వేస్తేనే ఐదు కావాలి. లారీ బల్లకి 30 డిగ్రీల వాలుగా వేస్తే సగమే పనిచేస్తుంది, పది కావాలి. అందుకే పెట్టె ముందు దుంగ అడ్డంగా మేకులేసి కొట్టమంటాం. ఈసారి కొట్టాడు, పాపం.

రంగు మారడం అంటే నాకు ఎప్పుడూ ఆ కంటైనరే గుర్తొస్తుంది. సముద్రం మీద వచ్చింది. తలుపు తీస్తే పైకప్పు నుంచి చినుకులు. పగటి వేడికి కంటైనర్ నేలచెక్కలోంచీ పెట్టె కలపలోంచీ చెమ్మ లేచి, రాత్రి చల్లబడ్డ రేకుకి నీరై కారుతుంది. లోపల పరికరానికి అల్యూమినియం ఫాయిల్ సంచి, అందులో తేమ పీల్చే సిలికా జెల్ కిలో సంచులు ఎనిమిది. అన్నీ నీలం పోయి గులాబీ. తేమ శాతం చూపే కార్డు మీద 30, 40, 50 చుక్కలు మూడూ గులాబీయే. 40 మారితే జెల్ మార్చాలి, 50 మారితే తుప్పు వెతకాలి. పైపు కలిపే ఫ్లాంజి అంచున తుప్పు దొరికింది కూడా. కారణం ఒక్క మేకు! పెట్టె మూత బిగించినవాడు ఫాయిల్ మీదుగా కొట్టేశాడు. కార్డు చూసే కిటికీ పెట్టెకి బయట ఉంటే ఓడరేవులోనే తెలిసేది. 2022 జూలైలో నేవీకి వచ్చిన ఎంహెచ్-60ఆర్ హెలికాప్టర్లని సముద్రం మీద కాకుండా సీ-17 విమానం కడుపులో పెట్టి కొచ్చిలో దించారు. మన పంపులకి అంత యోగం ఎక్కడిది.

ఎర్ర చుక్క దగ్గరికే మళ్ళీ. పెట్టె గట్టిగా పడి ఉంటే బేరింగులో గుండ్లు దొర్లే గాడి మీద ఆ గుండ్ల గుంటలు పడతాయి. చేత్తో తిప్పితే తెలియకపోవచ్చు. నడిపి వైబ్రేషన్ కొలిచి, ఫ్యాక్టరీ టెస్ట్ రిపోర్టులో అంకెలతో పోల్చాలి. పంపు ఇరుసు కదలకుండా పట్టే షాఫ్ట్ లాకు వేసి ఉంటే కొంత నయం. లాకు లేకుండా రోడ్డంతా వణికితే పడకపోయినా ఒకేచోట రుద్దుకుని గుంటలు పడతాయి. ఒప్పందం స్టోర్ గుమ్మం దాకా సరఫరాదారు పూచీ, కాబట్టి అది వాళ్ళ నెత్తిన. రవాణా వాళ్ళకి నోటీసు ఇవ్వడానికి బుక్ చేసిన రోజు నుంచి 180 రోజులు. ఎల్‌ఆర్ మీద ఆ ఒక్క వాక్యం రాయించకపోతే ఆ నోటీసుకి బలం ఉండేది కాదు.

రేపు పదిన్నరకి అందరి ముందూ విప్పుతారు. లాకు తీయడానికి ఏ సైజు స్పానర్ కావాలో మాన్యువల్లో చూద్దామంటే, ప్యాకింగ్ లిస్టు ప్రకారం మాన్యువల్ ఆ పెట్టె లోపలే ఉంది.