అత్తయ్య సగంలో వదిలిన స్వెట్టర్: ఐదో నెల

ముందుగా ఈ నెల లెక్క. ముందు భాగం మెడ దాకా వచ్చింది. ఒక చెయ్యి పూర్తయింది, రెండోది మోచేయి దాటింది. మెడపట్టీ, ముక్కలు కుట్టి కలపడం మిగిలాయి. సెప్టెంబరులో మా ఆయన పుట్టినరోజుకి తొడిగించాలి.

అత్తయ్య ఆరన్ దీవుల మనిషి. ఐర్లండ్‌లో గాల్వే తీరానికి ఎదురుగా ఉన్న మూడు దీవుల్లో అన్నిటికంటే చిన్నదైన ఇనిషీర్‌లో పుట్టారు. పెళ్ళయ్యాక గాల్వేకి వచ్చారు. నన్ను పేరు పెట్టి పిలవమనేవారు. అత్తగారిని పేరుతో పిలవడానికి నాకు నోరు రాక "అత్తయ్యా" అనేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఫోన్లో "అత్తయ్య మాట్లాడుతున్నా" అని తనే అనడం మొదలుపెట్టారు. నన్ను "ఎ స్తోర్" అనేవారు, మనం "బంగారం" అన్నట్టు.

మా అమ్మమ్మ నరసాపురం దగ్గర పల్లెలో లేసు అల్లేది. ఆవిడ అల్లిన బల్లగుడ్డ ఒకటి తెచ్చి ఇస్తే అత్తయ్య అందరిలా బాగుందని ఊరుకోలేదు. వెంటనే తిరగేసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, దారం కొసలు ఎక్కడ దాచిందో వేలితో వెతికారు. దొరకలేదు. "మీ అమ్మమ్మతో నాకు పని ఉంది" అన్నారు. వాళ్ళిద్దరూ కలవనేలేదు.

కిందటేడు అత్తయ్య పోయాక అల్లిక సంచి నా చేతికొచ్చింది. వెనక భాగం మొత్తం, ముందు భాగం చంక దాకా, సూది మీద 112 కుట్లు. కాగితం మీద ఒక్క ముక్క రాసి లేదు. అందుకే మొదటి నెలంతా అల్లలేదు, అల్లినదాన్ని చదివాను. నడుమ 24 కుట్ల తేనెపట్టు డిజైను, దానికి చెరోపక్క 6 కుట్ల తాడు, ఆ పక్కన లోపల మాస్ కుట్టు (గింజలు చల్లినట్టు గరుగ్గా కనిపించే అల్లిక) నింపిన డైమండ్లు. తాడు 6 వరసలకోసారి మెలి తిరుగుతుంది, తేనెపట్టు గడి 8 వరసలకి మూసుకుంటుంది. ఇది తెలిశాక కూడా ఏ వరసలో ఉన్నానో తప్పిపోతూనే ఉన్నాను. ఒక రాత్రి వెనక భాగం అంచు తడుముతుంటే వేలికి చిన్న ముడి తగిలింది. ఎర్రదారం. కొంచెం పైన ఇంకొకటి. ఐదు చోట్ల ఉన్నాయి, సరిగ్గా 24 వరసలకొకటి. తాడు మెలికా తేనెపట్టు గడీ ఒకేసారి మొదటికొచ్చేది 24 వరసలకే! రాసిపెట్టలేదనుకున్నాను, దారంతో రాశారు. ఇప్పుడు నేనూ 24కి ఒక ఎర్రముడి వేస్తున్నాను.

తేనెపట్టు చేసేవాళ్ళకి: 8 కుట్లకి ఒక గడి. మొదటి వరసలో 2 కుట్లు సహాయసూది (మెలికల కోసం వాడే పొట్టి సూది) మీదకి తీసి వెనక ఉంచి, తర్వాతి 2 అల్లి, ఆపైన వెనకవి అల్లాలి. వెంటనే ఇంకో 2 తీసి, ముందు ఉంచి అదే పని. ఐదో వరసలో ముందూ వెనకా తారుమారు. మిగతా వరసలు మామూలే. సహాయసూది అసలు సూది కంటే కాస్త సన్నగా ఉంటే రంధ్రాలు పడవు.

నేను చేసిన తప్పు సూదుల దగ్గర. ఆవిడ సూది మీద 7 అని ఉంది కదా అని 7 మి.మీ.వి కొన్నాను. 20 వరసలు అల్లేసరికి జల్లెడలా వచ్చింది, అంతా విప్పాను. అది పాత బ్రిటిష్ నంబరు, 4.5 మి.మీ.కి సమానం. ఆ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. పాత సూదులు దొరికితే సూది మందం కొలిచే రంధ్రాల పలకలో దూర్చి చూసుకోండి. ఆవిడ బిగువు 10 సెం.మీ.కి 18 కుట్లు, 24 వరసలు. అదే సూదితో నాకు 17 కుట్లే వస్తున్నాయి. 4 మి.మీ.కి దిగితే కుదిరింది.

ఊలు రంగు కలపడం కష్టమైంది. రంగు వేయని బానీన్ ఊలు కూడా ఏళ్ళు గడిస్తే పసుపు తిరుగుతుంది. పాత ముక్కల్ని గోరువెచ్చని నీళ్ళలో ఊలు సబ్బుతో నానబెట్టి, పిండకుండా తువాలులో చుట్టి నొక్కి, నేల మీద పరిచి ఆరబెట్టాను. కొంత తేలింది. ఆపైన ఆవిడ మిగిల్చిన ఉండా నా కొత్త ఉండా రెండేసి వరసలకి మార్చుకుంటూ 12 వరసలు అల్లితే అతుకు కంటికి ఆనలేదు. చేతికి మణికట్టు దగ్గర 42 కుట్లు, 6 సెం.మీ. పట్టీ, తర్వాత ప్రతి ఆరో వరసలో చెరోపక్క ఒకటి పెంచుతూ 76 దాకా.

ఈ ఆరన్ స్వెట్టర్లలో ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక ఉండేదని, సముద్రంలో పోయినవాళ్ళని దాన్నిబట్టే గుర్తుపట్టేవారని దుకాణాల్లో చెబుతారు. అది నిజం కాదు. 1904లో డబ్లిన్‌లో ఆడిన ఐరిష్ రచయిత జె.ఎం. సింగ్ నాటకంలో, మునిగిపోయిన అన్నని మేజోడు కుట్లు లెక్కపెట్టి చెల్లెలు గుర్తుపడుతుంది. ఆ సన్నివేశంలోంచి పెరిగిన మాట. అత్తయ్యకి నచ్చిన కథ వేరు. ఐరిష్ గాయకులు క్లాన్సీ బ్రదర్స్ 1961లో ఎడ్ సల్లివాన్ టీవీ షోలో ఈ స్వెట్టర్లు వేసుకుని పాడారు, అమెరికాలో గిరాకీ అమాంతం పెరిగింది. ఆ స్వెట్టర్లు వాళ్ళమ్మ ఐర్లండ్ నుంచి పంపినవి. "పిల్లలకి చలేస్తుందని" అని ఆ చివరి ముక్క అత్తయ్య ప్రతిసారీ చెప్పేవారు.

తాడు దగ్గర నేను ఆవిడలాగే ఐరిష్‌లో లెక్కపెడతాను: ఎ హేన్, ఎ దో, ఎ త్రీ, ఎ క్యాహర్, ఎ కూగ్, ఎ షే. ఆరు దగ్గర మెలి. తెలుగులో లెక్కపెడితే ఎందుకో తప్పుతోంది.

ఆవిడ ఎర్రదారం ఉండ అయిపోవచ్చింది. పక్కలు కుట్టేటప్పుడు ఆ ఐదు ముడులూ విప్పాలా అని మా ఆయన్ని అడిగాను. ముక్క చేతిలోకి తీసుకుని, ఒక్కో ముడీ తడిమి చూసి, ఉండనీ అన్నాడు. చంక కింద అతుకులోకి మడిచి కుట్టేస్తాను.