కవరు తిరిగొచ్చింది, ఆమె అక్కడే ఉన్నారు

మా నాన్న స్టాంపుల ఆల్బంలో ఒక పేజీ అంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. ఆ పేజీలో ఉన్నది ఒకే ఒక్క రూపాయి స్టాంపు. మన దేశపు మొదటి అంటార్కిటికా యాత్రకు ఏడాది నిండినప్పుడు, 1983 జనవరి 9న, తపాలా శాఖ విడుదల చేసినది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. "చూడమ్మా, మనవాళ్లు భూమి చివరిదాకా వెళ్లొచ్చారు" అంటూ నాన్న దాన్ని పట్టకారుతో పట్టుకుని చూపించాడు.

వెళ్లొచ్చారు. చాలా ఏళ్లపాటు నాకు తెలిసిన కథ అంతే. డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం నాయకత్వంలో 21 మంది 1981 డిసెంబరు 6న గోవాలో ఓడ ఎక్కారు. ఓడ పేరు పోలార్ సర్కిల్, నార్వే వాళ్ల దగ్గర అద్దెకు తీసుకున్నది. ప్రయాణం సంగతి బయటికి పొక్కనివ్వలేదు. 1982 జనవరి 9న మంచు మీద దిగారు. ఫిబ్రవరి 21కల్లా మళ్లీ గోవాలో ఉన్నారు.

పెద్దయ్యాక చదువుతుంటే తెలిసింది, అంతకు ముందే మనవాళ్లు కొందరు వేరే దేశాల బృందాలతో అక్కడికి వెళ్లారని. వాళ్లలో నాకు బాగా నచ్చే మనిషి గిరిరాజ్ సింగ్ సిరోహి. మొక్కల శాస్త్రవేత్త. 1960లో అమెరికన్లతో కలిసి ఏకంగా దక్షిణ ధ్రువానికే వెళ్లారు. ప్రాణుల ఒంట్లో పగలు రాత్రి లెక్క పెట్టే గడియారం ఒకటుంటుంది కదా, అది భూమి తిరగడం వల్ల నడుస్తోందా, తనంతట తానే నడుస్తోందా అన్నది వాళ్ల ప్రశ్న. సరిగ్గా ధ్రువం దగ్గర, భూమి తిరిగే దిశకు ఎదురుగా తిరిగే బల్లల మీద చిక్కుడు మొక్కల్నీ పండ్ల ఈగల్నీ పెట్టి చూశారు. గడియారం ఆగలేదు! ఇంత అందమైన ప్రయోగం మన బడి పుస్తకాల్లో ఎందుకు లేదా అని నాకు ఇప్పటికీ బాధే. ఆ తర్వాత పరంజిత్ సింగ్ సెహ్రా 1971లో సోవియట్ బృందంతో వెళ్లి, శీతాకాలమంతా ఉన్నారు.

శీతాకాలమంతా ఉండటం. అసలు సంగతి అక్కడుందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. దిగి జెండా పాతి రావడం గొప్పే, కాదనను. కానీ అక్కడ వేసవి మన చలికాలంలో వస్తుంది, అది అయిపోగానే ఓడ వెళ్లిపోతుంది. మే చివరి నుంచి దాదాపు రెండు నెలలు సూర్యుడు పైకి రాడు. ఎవరికి ఏ జబ్బు చేసినా ఉన్న డాక్టరే దిక్కు. పాడైన జనరేటరును ఉన్నవాళ్లే బాగు చేసుకోవాలి.

1983-84లో మూడో యాత్ర వెళ్లింది. నాయకుడు హర్ష గుప్తా, తర్వాతి కాలంలో మన హైదరాబాదు ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐకి, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకి, డైరెక్టరుగా పనిచేశారు. సుదీప్త సేన్‌గుప్తా, అదితి పంత్ ఆ బృందంలోనే వెళ్లి, అంటార్కిటికాలో అడుగుపెట్టిన తొలి భారతీయ మహిళలయ్యారు. ఆ ఒక్క వేసవిలోనే దక్షిణ గంగోత్రి స్టేషన్ కట్టేశారు. 12 మందిని అక్కడే వదిలి ఓడ వెనక్కి వచ్చింది. మన తొలి శీతాకాలపు బృందం అది.

ఆ స్టేషన్ నిలిచింది సముద్రం మీద తేలే మంచు పలక మీద. ఏటా కురిసే మంచు దాన్ని కప్పుకుంటూ పోయింది. 1990లో దాన్ని స్టేషన్‌గా వాడటం మానేశారు. అప్పటికే షిర్మాకర్ ఒయాసిస్ అనే మంచు లేని ప్రాంతంలో, రాతి నేల మీద, మైత్రి అనే రెండో స్టేషన్ కట్టారు. ఉక్కు స్తంభాల మీద ఎత్తుగా నిలబెట్టడం వల్ల మంచు గాలి కిందనుంచి పోతుంది. పక్కనే ప్రియదర్శిని సరస్సు, తాగే నీళ్లు అందులోవే. 2000లో డాక్టర్ కన్వల్ విల్కు శీతాకాలం గడిపింది అక్కడే. మన ఆడవాళ్లలో అలా ఉండిపోయిన మొదటి మనిషి ఆవిడ.

2016లో నేనూ ఒక కవరు మీద మా చిరునామా రాసి, స్టాంపు అంటించి గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రానికి పంపాను. అక్కడ అందిన కవర్లను బృందంలో ఒకరు వెంట తీసుకెళ్తారు, మైత్రిలో ముద్ర కొడతారు, తిరిగొచ్చేవాళ్లతో వెనక్కి పంపుతారు. మరుసటి ఏడు మే నెలలో నా కవరు ఇల్లు చేరింది. అరగంట సేపు ఆ ముద్ర చూస్తూ కూర్చున్నాను.

2016 నవంబరులోనే హైదరాబాదు ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వారి రిమోట్ సెన్సింగ్ కేంద్రం) నుంచి మంగళ మణి కూడా వెళ్లారు, అంటార్కిటికాలోనే ఉన్న మన భారతి స్టేషన్‌కి. మైత్రికి దాదాపు 3,000 కిలోమీటర్ల దూరంలో, లార్స్‌మన్ కొండల్లో, 134 షిప్పింగ్ కంటైనర్లతో కట్టి 2012లో ప్రారంభించినది. ధ్రువాల మీదుగా తిరిగే మన ఉపగ్రహాలు అక్కడి ఆకాశంలో, హైదరాబాదు దగ్గర ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల కేంద్రం ఉన్న షాద్‌నగర్ మీద కన్నా చాలా ఎక్కువసార్లు కనిపిస్తాయి. వాటి సమాచారాన్ని పట్టుకుని షాద్‌నగర్‌కి పంపడం ఆ గ్రౌండ్ స్టేషన్ పని. మంగళ మణికి అప్పుడు 56 ఏళ్లు. 23 మందిలో ఒక్కరే మహిళ. నా కవరు ఇంటికొచ్చేనాటికి ఆవిడ శీతాకాలం ఇంకా మొదలవుతోంది. 403 రోజులు ఉండి, 2017 డిసెంబరులో తిరిగొచ్చారు.

ఉత్తర ధ్రువం వైపు, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి మనకు హిమాద్రి అనే స్టేషన్ ఉంది. అక్కడ కూడా శీతాకాలంలో ఉండి పనిచేయడం 2023 డిసెంబరులో మొదలుపెట్టారు. ఆ వార్త చదివిన రోజు నాన్న ఉంటే బాగుండేదనిపించింది.

2024 ఏప్రిల్ 5న భారతిలో కూడా పోస్టాఫీసు తెరిచారు. ఆ ముద్ర కోసం ఇంకో కవరు సిద్ధం చేశాను. ఈసారి దానితో పాటు రెండు పేజీల ఉత్తరం కూడా పెడుతున్నాను, ఓడ వెళ్లిపోయాక అక్కడే ఉండేవాళ్లు చదువుకోవడానికి.