ప్రార్థన మనవా, కొండెమా?

నాలుక గురించి ప్రసంగం అనగానే బైబిల్లో యాకోబు పత్రిక 3వ అధ్యాయం తీస్తారు. బూతులు, శాపాలు మానమంటారు. మంచిదే. కానీ క్రైస్తవ సంఘాల్లో ఎక్కువ కొంపలు ముంచేది భక్తిగా చెప్పిన కొండెం. “ఫలానా అక్క కొడుకు తాగుతున్నాడట, ప్రార్థించండి” అని వాట్సాప్ గ్రూపులో పెడితే, మోకాళ్లూనేవాళ్ల కంటే ఫోన్లు కలిపేవాళ్లే ఎక్కువ. గుట్టు బయటపెట్టేవాణ్ణి బైబిల్లోని సామెతల గ్రంథం 11:13 కొండెగాడనే అంటుంది; చెప్పింది నిజమే కావచ్చు.

మనవి పంపేముందు ఆ మనిషిని అడగండి. అడగలేకపోతే పేరు, జబ్బు, అప్పు అన్నీ తీసేసి “ఒక కుటుంబం కోసం” అనండి. దేవునికి చిరునామా అక్కర్లేదు కదా! చిన్న సంఘమైతే “కువైట్ నుంచి వచ్చిన తమ్ముడు” అన్నా పేరు చెప్పినట్టే.

ఎవరైనా మీపట్ల తప్పు చేస్తే మత్తయి 18:15–17లో క్రమం ఉంది. మొదట ఒంటరిగా మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి. ఆ తర్వాతే సంఘం. మనం తలకిందులుగా మొదలుపెడతాం: ముందు నలుగురికీ చెప్పి, చివర్లో ఆ మనిషికి. పైగా ఆ ఒకరిద్దరూ మన పక్షం వాళ్లే! నిజానికి వాళ్లు ద్వితీయోపదేశకాండము 19:15 చెప్పే సాక్షుల్లా ఉండాలి. రెండు వైపులా వినాలి.

ఇప్పటికే నోరు జారితే మెసేజ్ డిలీట్ చేస్తే సరిపోదు. విన్న ప్రతి ఒక్కరి దగ్గరా సరిచేయాలి.

పిల్లలపై అఘాయిత్యం జరిగితే మాత్రం ఈ ఒంటరి సంభాషణ వద్దు. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పండి.